వేలు వదలని ఇత్తడి గోరు

నేను ఒక గోరును. కత్తిరించి పారేస్తే మళ్లీ మొలిచే రకం కాదు లెండి, ఇత్తడి గోరును. మలయా దేశంలో కెలాంతన్ నది ఒడ్డున ఒక రాజభవనంలో, రాజుగారి ముందు ఆషిక్ అనే నాట్యం ఆడే అమ్మాయిల వేళ్లకు తొడగడానికి కంసాలి నన్ను పోతపోశాడు. నాది ఉంగరపు వేలు. అంచేత మిగతా గోళ్లకంటే నాకు కాస్త టెక్కు ఎక్కువ.

అక్కడొక వింత ఆచారం. పిల్ల కోసం గోరు చేయించరు, గోరు కోసం పిల్లను వెతుకుతారు. దివాణపు మనుషులు మమ్మల్ని పెట్టెలో పెట్టుకుని ఊరూరా తిరిగేవారు. చేపలు పట్టేవాళ్ల ఊళ్లో, వల బాగుచేస్తున్న మెలూర్ అనే పిల్ల వేలికి నేను చక్కగా పట్టాను. మురిసిపోయాను కూడా. పిల్లను ఎక్కించుకుపోతున్న పడవ వెంట వాళ్లమ్మ గట్టు పొడుగునా ఏడుస్తూ పరిగెత్తింది.

భవనంలో ఆటంటే మోకాళ్ల మీద కూర్చుని, చేతులు నెమ్మదిగా మొగ్గ విప్పినట్టు విప్పడం. చూడ్డానికి బాగుండేది. కానీ మేం వేళ్లకుంటే అన్నం కలుపుకోలేరు, తలుపు గడియ తీయలేరు. మెలూర్ అమ్మ మీద బెంగపెట్టుకుంది.

“ఒక్కసారి ఇంటికెళ్లొస్తానమ్మా,” అని ఆట నేర్పే పెద్దావిడ కాళ్లు పట్టుకుంది.

“గోరు పట్టినన్నాళ్లూ నువ్వు ఇక్కడి దానివేనే.”

“పట్టకపోతే?”

“పట్టకపోతే నీతో మాకేం పనే పిల్లా?”

ఆ మాట విని పిచ్చిపిల్ల మామిడిచెట్టు మీది ఎర్రచీమల గూట్లో వేలు పెట్టింది. ఆ సాయంత్రమే ఆట ఉంది. పెద్దావిడ వాచిన వేలికి నన్ను బలవంతాన దోపింది. లోపల వేలు ఇంకా ఉబ్బింది. కొబ్బరినూనె పోశారు, లాగారు, మెలూర్ కేకలు పెట్టింది. నేను కదిలితే ఒట్టు! నన్ను కోస్తే అరిష్టమట. చివరికి, “ఈ వేలితో ఆటేం ఆడతావు, ఇంటికి పో. గోరు ఊడిన రోజున దాంతోబాటు నువ్వూ రావాలి,” అని పంపేశారు.

వారం తిరక్కుండానే వాపు తగ్గింది, నేను వదులయ్యాను. మెలూర్ వేలికి వలదారం చుట్టి నన్ను మళ్లీ బిగించుకుంది. కోతలప్పుడల్లా దివాణపు మనిషి పడవేసుకుని వచ్చి లాగి చూసేవాడు.

“ఇంకా రాలేదటే?”

“రాలేదయ్యా, ప్రాణం పోతోంది, వదలండి!”

నాతోనే చేపలు తోమింది. నాతోనే కూతురు సెరోజాను ఎత్తుకుంది. పసిదాని బుగ్గ నా కొసకు గీరుకుపోతే ఇద్దరూ ఏడ్చారు.

ఊరి ఆడవాళ్లు ఊరుకుంటారా? “అంతఃపురం ఆట మాకూ నేర్పవే!” అని వెంటపడ్డారు. కొబ్బరాకులు గోళ్లలా చుట్టుకుని, కూర్చుని ఆడే ఆటను లేచి నిలబడి, నవ్వుకుంటూ ఆడేశారు. కోతలైతే అదే ఆట, పెళ్లైతే అదే ఆట. రాజుగారి ఆట కాస్తా ఊరి ఆటైపోయింది. ఆట కాగానే ఆకుగోళ్లు పీకి ఏట్లో పారేసి ఇళ్లకు పోయేవారు. మెలూర్‌కు ఆ భాగ్యం లేదు.

ఒక ఏడు దివాణపు మనిషి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. అయినా మెలూర్ నన్ను తీయలేదు. జుట్టు నెరిశాక ఒకరోజు పడవవాడొకడు చెప్పాడు: “ఇంకెక్కడి రాజభవనం అవ్వా! రాజుగారు పోయి చాన్నాళ్లైంది. ఆడేపిల్లల్ని అప్పుడే ఇళ్లకు పంపేశారు.”

మెలూర్ మెట్ల మీద కూలబడి నన్ను లాగింది. ఇట్టే ఊడొచ్చాను. దారం విప్పి చూస్తే వేలు పాలిపోయి, పుల్లలా ఉంది. చాపుదామంటే సాగలేదు.

“పీడా పోయిందమ్మా!” అని సెరోజా నన్ను చూరులో దోపింది.

తెల్లారేసరికి మెలూర్ చూరంతా తడుముతోంది. “వేలు బోసిగా ఉందే,” అంది కూతురితో. కొత్త దారం చుట్టి నన్ను తొడుక్కుంది.

మెలూర్ పోయాక చేతులు మారి, ఇప్పుడు మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. రాకుమారి గోరట నేను! బయట వేదిక మీద పిల్లలు ప్లాస్టిక్ గోళ్లతో అదే ఆట ఆడి, టపటపా పీకేసి ఐస్‌క్రీం తింటారు. వాళ్లను చూస్తే కుళ్లొస్తుంది, దాచడమెందుకు? నా లోపల వలదారం చుట్టలు ఇంకా అలాగే ఉన్నాయి. అవి మెలూర్ రెండోసారి చుట్టుకున్నవి. ఆ పొద్దున రేవులో దివాణపు పడవ లేదు, లాగి చూసేవాడూ లేడు.