చెల్లెలి చోటు

మంగళవారం ఉదయం పదకొండింటికి గాయని తన అయిదో ఆల్బంలో మొదటి పాట పాడింది. పాట అయ్యాక రికార్డిస్టు హెడ్‌ఫోన్లు తీసి, "మేడమ్, లైనుకీ లైనుకీ మధ్య ఇంత ఖాళీ ఏంటి? వినేవాడు కరెంటు పోయిందనుకుంటాడు. కోసేస్తాను," అన్నాడు.

"కొయ్యకు," అంది ఆమె.

ఆ ఖాళీ ఆమె చెల్లెలిది. మొదటి ఆల్బం ఇద్దరూ ఇంట్లోనే, బయటి చప్పుళ్లు రాకుండా పడగ్గది తలుపుకి పరుపు ఆనించి చేశారు. అక్క ఒక లైను పాడి ఆగేది. చెల్లెలు వయొలిన్ మీద దానికి బదులు చెప్పేది. చెల్లెలి కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా పాటల్లో పడింది. రెండో ఆల్బం స్టూడియోలో చేశారు. కుర్చీ మారింది, చప్పుడు పోయింది. మూడోదానికి అక్కాచెల్లెళ్లను అద్దానికి అటూ ఇటూ వేరే గదుల్లో కూర్చోబెట్టారు. నాలుగోదానికి వయొలిన్ వద్దు, కీబోర్డు చాలంది మ్యూజిక్ కంపెనీ. అక్క సరేనంది. ఆ మాట చెల్లెలితో చెప్పడానికి నోరు రాక ఇవాళా రేపూ అంటూ నెట్టుకొచ్చింది. చెల్లెలు ఆల్బం విని తెలుసుకుంది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

అలవాటు మాత్రం పోలేదు. నాలుగో ఆల్బంలోనూ గాయని లైను చివర ఆగుతూనే పాడింది. రికార్డిస్టు ఆ ఖాళీలన్నీ కోసి అతికించాడు. పాటల్లో వేగం పెరిగిందని జనం మెచ్చుకున్నారు.

ఈసారి ఆమె ఖాళీలు ఉన్నవి ఉన్నట్టే ఉంచి, పాడడం పూర్తయ్యాక పాటలన్నీ చెల్లెలికి పంపింది. "నీ చోటు ఉంచాను. వచ్చి వాయించు" అని మాత్రం రాసింది. జవాబు లేదు. ఫోన్ ఎదురుగా పెట్టుకుని ఒక్కతే భోంచేసేది. మోగితే కంపెనీవాళ్లే.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం చెల్లెలు ఫోన్ చేసింది.

"ఏమే, ఎలా ఉన్నావ్?" అంది అక్క.

"నా సంగతి తర్వాత. మూడో పాటలో ఏంటక్కా ఆ తొందర? రైలు తప్పిపోతోందా? నేను వయొలిన్ మీద కమాను సగం లాగేలోపే నువ్వు మళ్లీ అందుకుంటున్నావ్."

"అంటే, వాయించావా?"

"మా ఇంట్లో నేను వాయించుకుంటే నీకేం?"

"స్టూడియోకి రావే."

"కీబోర్డు ఉందిగా, దాన్ని పిలువు. అలగదు, కాఫీ కూడా అడగదు."

అక్క ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"నేను రాను. మూడోది మాత్రం మళ్లీ పాడు," అని చెల్లెలు ఫోన్ పెట్టేసింది.

మర్నాడు గాయని మూడో పాట మళ్లీ పాడింది. ప్రతి లైను చివరా, కమాను ఈ కొసనుంచి ఆ కొసదాకా లాగేంతసేపు ఆగింది. రికార్డిస్టు ఏదీ కోయలేదు. అద్దానికి అవతల గదిలో కుర్చీ వేసి ఉంది. అందులో ఎవరూ లేరు.

ఆల్బం ఆ ఖాళీలతోనే విడుదలైంది.