తడి గోనెలు

వెంకటసుబ్బయ్య పలకల వ్యాపారి. లాభం కనబడితే ఎవరితోనైనా గంటసేపు బేరమాడతాడు, ఒక్క అక్క రాఘవమ్మతో తప్ప. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. ఆమె దగ్గర అతనిది ఎప్పుడూ ఓడిన బేరమే.

పేగు జారిన రోగానికి దొరల ఆసుపత్రిలో కడుపు కోయించుకుని, పన్నెండో రోజున రైలు దిగి మార్కాపురం చేరాడు. పంపేటప్పుడు డాక్టరు చెప్పింది రెండే మాటలు. జావ, మజ్జిగ, నీళ్లు ధారాళంగా తాగాలి. దొడ్డికి కూర్చుని ముక్కితే మాత్రం లోపలి కుట్టు తెగుతుంది, తెగితే మళ్లీ కుట్టడం తన వల్ల కాదు.

రాఘవమ్మ లెక్క వేరు. కడుపు కోసినవాడు బాలింతతో సమానం. పక్కింటి పిచ్చమ్మ కోడలికి పురుడై వారమైంది. ఆ పిల్ల పత్యానికి దంచిన వెల్లుల్లి కారంలోనే తమ్ముడికీ ఒక పాలు తెచ్చింది. పాతబియ్యం అన్నం, కారం, నెయ్యి. బాలింతకిచ్చినట్టే పూటకు గుక్కెడు వేన్నీళ్లు.

"దాహమైతాంది అక్కా."

"ఓర్చుకో. నీళ్లు తాగితే కుట్టు చీము పడతది."

"డాక్టరు తాగమన్నాడే!"

"ఆయనెన్ని పురుళ్లు పోసినాడంట?"

నాలుగో రోజుకు కడుపు గట్టిపడింది. దొడ్లోకి పోయి కూర్చుంటే కోత దగ్గర చురుక్కుమంది. భయపడి లేచి వచ్చాడు. గోడ పట్టుకుని నిలబడి లెక్క చూసుకున్నాడు. అక్క మాట కాదంటే రెండు పూటలు అలక. కాదనకపోతే కుట్టు. అలకే చవక.

వాకిట్లో గని నుంచి దింపిన రాళ్లున్నాయి. చీల్చేదాకా అవి ఆరకూడదు. ఆరిన రాయి పలకగా విడదు, పెళ్లలుగా పోతుంది. వాటిమీద గోనెలు కప్పి పూటపూటా తడపడం ఇరవయ్యేళ్లుగా రాఘవమ్మ పని. అప్పుడూ బిందెతో అక్కడే ఉంది.

"ఆ రాళ్లకు నీళ్లెందుకక్కా?"

"ఏందిరా, కొత్తగా అడగతాండావు? ఎండితే ఉలి పెట్టంగనే పగలవూ?"

"నాలుగు దినాలుగా నన్ను ఎండబెట్టినావు. ఇప్పుడు ముక్కితే పగిలేది నా కడుపే."

"నువ్వేమన్నా రాయివా?"

"రాయికి చేసే మర్యాదన్నా నాకు చెయ్యి."

రాఘవమ్మ బిందె దించి, తడిసిన గోనెల వంక కాసేపు చూసింది. లోపలికి పోయింది. కొర్రనూక పలచగా కాచి, మజ్జిగ కలిపి, ఉప్పు వేసి తెచ్చింది. పక్కనే చెంబుతో నీళ్లు పెట్టింది.

"చీము పడితే నన్ననొద్దు."

అతను ఎత్తిన చెంబు ఖాళీ అయ్యాకే దించాడు.

మర్నాడంతా జావే, నీళ్లే. ఆ మరుసటి ఉదయం అతను దొడ్లోంచి వచ్చేసరికి ఆమె గుమ్మంలోనే ఉంది.

"ఏమైందిరా?"

"అయింది. ముక్కకుండానే."

కోత తడిమి చూసుకున్నాడు. నొప్పి లేదు, తడి లేదు. రాఘవమ్మ చెంబు నిండా నీళ్లు ముంచుకుని పక్కింటి వైపు నడిచింది.

"పిచ్చమ్మా! నీ కోడలికి దినానికి ఎన్ని నీళ్లిస్తాండావే?"