నాలుగేళ్ళు మడతలో ఉన్న చీర

రాజ్యం తెల్లచీర నాలుగేళ్ళుగా ట్రంకుపెట్టెలోనే ఉంది. మంగళగిరి నేతచీర. కాలవలో మునిగి బాప్తిస్మం తీసుకునే రోజున కట్టుకోవాలని ముచ్చటపడి కొనుక్కుంది. తీరా కొన్నాక రెండేళ్ళు వరుసగా సాగర్ కాలవకు చుక్క నీరు రాలేదు. మూడో ఏడు నీళ్ళొచ్చాయి గానీ, పాస్టరు ఉదయ్ కుమార్ గారు స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. కిందటేడు ఊరంతా చికున్‌గున్యాతో మూలిగింది, రాజ్యం మోకాళ్ళు ఆర్నెల్లు వంగనన్నాయి. పాపం ఆ చీరకు కలరా ఉండలు మార్చడమే పనైపోయింది.

ఈసారి మాత్రం తప్పేలా లేదు. తప్పితే కుదరదు కూడా. పాస్టరు గారికి నల్లపాడు బదిలీ అయింది, వచ్చే వారం ఆయన ఉండరు. భర్త పోయిన రోజుల్లో తన ఇంట కూర్చుని ప్రార్థన చేసిన ఆ మనిషి చేతుల మీదుగానే మునగాలని రాజ్యం పట్టు. తెల్లవారగానే తలంటుకుని చీర కట్టుకుని గడపలో నిలబడితే, యాభై అయిదేళ్ళ పెళ్ళికూతురని అమ్మలక్కలు ఆటపట్టించారు. ఆమె సిగ్గుపడింది కూడా.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ ఆలస్యమంతా దేవుడి ఖాతాలో వేస్తే అన్యాయం. మొదటి ఏడే పాస్టరు గారు, కాలవ రాకపోతేనేం, మీ మరిది వాళ్ళ దిగుడు బావి ఉందిగా అన్నారు. యేసుప్రభువు యోర్దాను నదిలో మునిగాడు, నేనూ పారే నీళ్ళలోనే మునుగుతాను, నిలవ నీళ్ళు నాకొద్దు అంది రాజ్యం. అసలు సంగతి ఊరందరికీ తెలుసు.

భర్త పోయాక జరిగిన పంపకాల్లో ఆ బావి మరిది వాటాకు పోయింది. ఆ వేసవిలో రాజ్యం మిరపతోట రెండు తడులకు నోచుకోక నిలువునా ఎండిపోయింది. తోడికోడలు కోటిరత్నం, ముందు మా తోట తడవనీ అంది. రాజ్యం గట్టు మీద నిలబడి, చచ్చేదాకా ఆ బావి నీళ్ళు ఒక్క చుక్క నోట పోసుకోనని పదిమందిలో ఒట్టు పెట్టుకుంది. చుట్టుపక్కల తియ్యటి నీళ్ళున్న బావి అదొక్కటే. ఆరేళ్ళుగా రాజ్యం బోరింగు ఉప్పునీళ్ళు తాగుతోంది. ఇద్దరికీ మాటల్లేవు. కోటిరత్నం మొహం చెల్లక చర్చికి రావడమే మానేసింది. రాజ్యమేమో యోర్దాను పేరు చెప్పి, చీరతో పాటు కోపాన్నీ భద్రంగా దాచుకుంది.

సరే, నాగూర్ వలి ట్రాక్టరు వచ్చింది. ట్రక్కులో ఇరవై మంది, డప్పు, తాళాలు. పాటలతో ఊరు దాటి కాలవ గట్టెక్కారు. కాలవలో బురద తప్ప ఏమీ లేదు. ఎగువన గండి పడిందట, రాత్రే షట్టర్లు దించేశారట. రాజ్యం ఇంటికి పోదామంది. పాస్టరు గారు మాత్రం, దేవుడు ఆలస్యం చేస్తాడు గానీ దారి తప్పించడమ్మా అని, ఎనిమిది కిలోమీటర్ల అవతల పెద్ద కాలవకు పోనిమ్మన్నారు. డప్పు మళ్ళీ మోగింది.

మూడు కిలోమీటర్లు వెళ్ళేసరికి పత్తి లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా ఒరిగిపోయి ఉంది. నాగూర్ వలి ఆగలేదు. స్టీరింగు తిప్పి పక్కనున్న డొంకదారిలోకి దించాడు. ఆ డొంక ఎవరి చేను పక్కగా పోతుందో రాజ్యానికి తెలుసు. ఆపమంది, వెనక్కి తిప్పమంది.

"ఇక్కడ ట్రాక్టరు తిరగదమ్మా, ముందుకే పోవాలి," అన్నాడు నాగూర్ వలి.

పోయింది, ఇంకో ఫర్లాంగు. రేడియేటరు బుస్సున ఆవిరి కక్కి, సరిగ్గా కోటిరత్నం చేను గట్టు మీద బండి ఆగిపోయింది. పాట ఆగింది. చేలోంచి మోటారు చప్పుడు వినబడుతోంది. ఎవరూ రాజ్యం వైపు చూడలేదు. నీళ్ళు తెస్తానని నాగూర్ వలి క్యాను తీశాడు.

రాజ్యానికి ముందు ఏడుపొచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. దేవుడు కాలవ ఎండగట్టి, లారీ అడ్డం పెట్టి, ట్రాక్టరు మరిగించి మరీ ఇక్కడికి తెచ్చాడు. అదీ ఒకసారి కాదు, నాలుగేళ్ళుగా ఇటే తోలుతున్నాడు. తనే తల తిప్పుకుంది. ఎక్కడికి తెచ్చావయ్యా తండ్రీ అని పైకే అనేసి, క్యాను లాక్కుని దిగింది.

పండు మిరప ఘాటుకి తుమ్ముకుంటూ సాళ్ళలో నడుస్తుంటే కూలీలు కోత ఆపి చూశారు. కోటిరత్నం ఒడి నిండా కాయలతో లేచి నిలబడింది.

"నీళ్ళు కావాలి, కోటిరత్నం."

కోటిరత్నం తెల్లచీర వంక చూసింది, క్యాను వంక చూసింది.

"ట్రాక్టరుకేనా అక్కా?"

అక్కా అన్న పిలుపు రాజ్యం మళ్ళీ వినడం ఆరేళ్ళ తర్వాత. నాక్కూడా అంది. కోటిరత్నం ఒడిలో కాయలు అక్కడే జారవిడిచి, మెట్లు పాచి పట్టాయని, మోకాళ్ళ మనిషివి ఒక్కదానివే దిగొద్దని చెయ్యి పట్టుకుంది.

ట్రక్కులో వాళ్ళూ కూలీలూ అంతా బావి చుట్టూ చేరారు. నాలుగో మెట్టు మీద, ఛాతీ లోతు నీళ్ళలో పాస్టరు గారు నిలబడి, నిలవ నీళ్ళు పర్వాలేదామ్మా అని నవ్వుతూ అడిగారు.

"అప్పుడు చెప్పింది అబద్ధమండీ అయ్యగారూ," అంది రాజ్యం అందరూ వినేలా. "యోర్దాను కాదు, కోపం. ఈ కోటిరత్నం మీద కోపం."

ఆయన నవ్వు ఆపి, ఆమె తల మీద చెయ్యి వేశారు.

మునిగి లేచిన రాజ్యం మొహం తుడుచుకోలేదు. డప్పు దద్దరిల్లుతుంటే, ఒకప్పుడు తన ఒట్టు విన్న కూలీలే గట్టు మీంచి చూస్తుంటే, రెండు చేతులూ కలిపి దోసిలి నింపుకుని గటగటా తాగింది. మళ్ళీ ముంచి తాగింది. పక్క మెట్టు మీద నడుందాకా తడిసి నిలబడ్డ కోటిరత్నం వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఎంత తియ్యగా ఉన్నాయే," అంది రాజ్యం.