తెరిస్తే ఏమీ లేని యాప్

గిన్నెలు తోముతుండగా ముందుగదిలోంచి కేక. "ఏమేవ్, నా ఫోన్‌కేమైంది? హాజరు పడట్లేదు!"

చెయ్యి తుడుచుకుని వెళ్లేసరికి భర్త గుమ్మంలో చిందులు తొక్కుతున్నాడు. ఆయన ఆఫీసు హాజరు యాప్ తెరవగానే మూసుకుపోతోంది. ఆమెకి ఇట్టే అర్థమైంది. మనిషెవరో సరిచూసే యాప్ ఇంకోటి ఉంటుంది. దాన్ని విడిగా ఎక్కించుకోవాలి. హాజరు యాప్ ప్రతిసారీ లోపల్లోపల దాన్నే అడుగుతుంది. అయ్యగారు పొద్దున్నే ఫోన్ శుభ్రం చేస్తూ దాన్ని తీసి పారేశారు.

"అదా? తెరిస్తే అందులో ఏమీ లేదు. ఊరికే చోటు తింటోంది."

ఆమె బతుకుతెరువే అది. ఒక యాప్ ఇంకో యాప్ మీద ఆధారపడితే, ఆ రెండోది ఫోన్‌లో లేని రోజున మొదటిది ఏం చెయ్యాలో రాయడం ఆమె ఉద్యోగం. ముందు అది ఉందో లేదో చూడాలి. ఉంటే, మరీ పాతబడిపోయిందేమో చూడాలి. లేకపోతే ఉన్నట్టుండి కూలిపోకుండా, ఫలానాది కావాలి, ఎక్కించుకోండి అని మర్యాదగా చెప్పాలి. దానితో అవసరం లేని పనులైనా చేసిపెడుతూ ఉండాలి. "అదెక్కడికి పోతుందమ్మా, ఎప్పుడూ ఉంటుందనుకుని రాసెయ్" అంటాడు టీం లీడరు. అలా రాసినవే అందరి కొంపా ముంచుతాయని ఎన్నిసార్లు చెప్పినా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాడు.

ఎప్పుడూ ఉంటుందనుకోవడం ఆమెకి ఇంట్లోనూ కొత్త కాదు. అత్తగారి డాక్టరు, గ్యాసు, కరెంటు, ఆఖరికి ఆడపడుచు కొడుకు స్కూలు, అన్నిటికీ ఇచ్చింది ఆమె నంబరే. ఎవరు ఎక్కడ ఏం చెయ్యబోయినా కోడ్ వచ్చేది ఆమె ఫోన్‌కే. "అవన్నీ నాకెక్కడ గుర్తుంటాయే, నీ నంబరిచ్చేశా" అంటాడు భర్త ఇంట్లో. నలుగురిలో మాత్రం, "దానికేం పనుందండీ, అన్నీ ఫోన్‌లోనే అయిపోతాయి" అని నవ్వుతాడు. ఆమెకి గర్భసంచి తీసేసిన రోజు సెలవు దొరకలేదని ఆయన ఆస్పత్రికి రాలేదు. మత్తు పూర్తిగా వదలకముందే నర్సు కంగారుగా ఫోన్ తెచ్చి ఆమె చెవి దగ్గర పెట్టింది. అవతల ఆయన. "కోడ్ వచ్చుంటుంది చూడు. త్వరగా, టైమైపోతుంది." ఎలా ఉన్నావని అడగలేదు. కళ్లు మసకలు కమ్ముతున్నా ఆమె అంకెలు పోల్చుకుని చదివింది. ఒక్కటి కూడా తప్పు చదవలేదు. అది తల్చుకుంటే ఇప్పటికీ ఆయన మీద కన్నా తన మీదే ఎక్కువ ఒళ్లు మండుతుంది.

"చూస్తూ నిలబడతావేం? ఎక్కించు."

ఎక్కించింది. హాజరు పడింది. "హమ్మయ్య" అన్నాడాయన, ఫోన్‌తో. ఒక చెప్పులో కాలు దూర్చి, "ఆ వేరే ఊరి సంగతి కుదరదని రాసేశావా?" అన్నాడు.

ఆమె కంపెనీ వాళ్లు అక్కడ కొత్త ఆఫీసు పెడుతున్నారు. ఈ యాప్‌ల పని మొత్తం ఆమె చేతికే ఇస్తామన్నారు. ఔనో కాదో ఇవాళే చెప్పాలి. ఇలాంటిదే ఇంతకు ముందొకటి వస్తే, అత్తగారికి ఒంట్లో బాలేదని వదిలేసుకుంది. ఇంకోసారి అడగరు.

ఆమె తన ఫోన్ తీసి, వస్తున్నానని రాసి, ఆయన కళ్లెదుటే పంపేసింది.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "నీకేమైనా మతిపోయిందా? నువ్వు లేకపోతే ఈ ఇల్లెలా నడుస్తుంది?"

కాపురానికొచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆమె పనిని పనిగా ఒప్పుకున్న మాట అదొక్కటే. అదీ తిట్టినట్టు అన్నాడు. ఆమెకి ఏడుపు రాలేదు, సంతోషమూ కలగలేదు. చేతులకింకా సబ్బు జిగురు అంటుకునే ఉంది.

"ఆరోజు ఆపరేషన్ బల్ల మీద నేను పోయుంటే ఏం చేసేవారో," అంది, "అదే చెయ్యండి."