ఆమె తరగతి

మా ఆవిడ పోయిన ఆరో వారం హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచారు. మా ఆవిడ చెప్పే ఆరో తరగతి లెక్కలు సోమవారం నుంచి నేను తీసుకుంటానో లేదో చెప్పమన్నారు. ఇద్దరం ఒకే బడిలో పంతొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పాం. ఆమెది ఆరో తరగతి, నాది ఎనిమిదో తరగతి, మధ్యలో వరండా. అవుననాలో కాదనాలో నాకు తెలియలేదు. ఇంట్లో ఏ చొక్కా తొడుక్కోవాలో కూడా ఆమే చెప్పేది.

"ఊళ్ళో ఒక కెరీర్ కోచ్ ఉన్నారు, ఒకసారి కలవండి సార్. ఉద్యోగంలో ఎటూ తేల్చుకోలేనివాళ్ళు ఆయన దగ్గరికి వెళ్తుంటారు," అన్నారు.

వెళ్ళాను. తలుపు తీసినవాడు మా బడిలో చదువుకున్నవాడే. ఏ లెక్కయినా అందరికన్నా చివర చేసి ఇచ్చేవాడు. నత్త అని పిలిచేవారు. నేనూ పిలిచాను.

"నువ్వా కోచ్‌వి?"

"నేనే మాస్టారూ. రండి, కూర్చోండి. బెత్తం తేలేదు కదా?"

నవ్వాల్సిన చోటని తెలిసి నవ్వాను.

గదిలో బల్ల లేదు. కిటికీ వైపు కొంచెం తిప్పిన రెండు కుర్చీలు, ఒక మంచినీళ్ళ సీసా. లెక్క అప్పజెప్పినట్టు చెప్పాను. ఇచ్చినది ముందు, కనుక్కోవలసినది చివర.

"ఇప్పుడు నువ్వు చెప్పు. తీసుకోనా, వద్దా?"

"నేను చెప్పను మాస్టారూ."

"అదేంట్రా! దానికేగా వచ్చింది."

"ఇక్కడికొచ్చే మనిషికి తన సంగతి నాకన్నా బాగా తెలుసని నా నమ్మకం. అది లేకపోతే నేనీ కుర్చీలో కూర్చోకూడదు."

"పాము చావదు, కర్ర విరగదు. భలే ఉద్యోగంరా నీది. ఆ నమ్మకం ఎప్పుడూ తప్పలేదా?"

వాడు సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"ఒకసారి తప్పాను. ఒకావిడ ఏడుస్తుంటే చూడలేక, ఆ ఉద్యోగం మానేయండమ్మా అన్నాను. మానేసింది. మంచే జరిగింది. కానీ ఆ తర్వాత ఏడాదిపాటు ఇల్లు మారాలన్నా, పిల్లాణ్ణి బడి మార్చాలన్నా నాకే ఫోను. నడిచే మనిషిని నేనే కూర్చోబెట్టేశాను."

"ఇలా నోరు కట్టుకుని కూర్చోవడం ఎవరు నేర్పార్రా?"

"మీరే."

"నేనా?"

"మీరు ప్రశ్న వేసి, మేం నోరు తెరిచేలోపు జవాబు కూడా మీరే చెప్పేసేవారు. నేనింకా సగంలోనే ఉండేవాణ్ణి. పెద్దయ్యాక ఎవరికీ అలా చెయ్యకూడదనుకున్నా." గొంతులో నిష్ఠూరం లేదు. "ఆరో తరగతిలో టీచరుగారు ఆగేవారు. గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని. నా ఒక్కడి కోసం గంట కొట్టేదాకా ఆగిన రోజులున్నాయి."

ఆ సంగతి నాకు తెలియదు. పంతొమ్మిదేళ్ళలో ఆమె పాఠం ఒక్కసారీ వినలేదు. అది తెలిశాక బాధ కలగాలి. కలగలేదు.

వాడు కుర్చీకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. కిటికీ అవతల ఒకతను నిచ్చెన ఎక్కి గోడకి రంగు వేస్తున్నాడు. ఒక పట్టీ అయ్యింది. దిగి, నిచ్చెన జరిపి, మళ్ళీ ఎక్కాడు. రెండో పట్టీ కూడా అయ్యింది.

"తీసుకోను," అన్నాను. అన్నాకే నాకు తెలిసింది. "ఆ పిల్లలు ఆగే మనిషికి అలవాటుపడ్డారు. నేను ఆగలేను. ఆ గదిలో అసలు ఆగలేను."

మంచి పని అనలేదు, అయ్యో అనలేదు. "ముందు ఎవరికి చెప్తారు?" అని మాత్రం అడిగాడు.

"పిల్లలకి. నేనే చెప్తాను."

సోమవారం మొదటి పీరియడ్‌కి ఆరో తరగతిలోకి వెళ్ళాను. అందరూ లేచి నిలబడ్డారు. లెక్కలకి వేరే టీచరు వస్తారని, నేను రావడం లేదని చెప్పాను.

"మీరెందుకు రారు సార్? పక్కనే కదా ఉంటారు," అంది ముందు బెంచీలో అమ్మాయి.

"నాకు చేతకాదమ్మా."

"ఆ మాట అంటే టీచర్ ఊరుకునేవారు కాదు."

వెనక ఎవరో "ష్" అన్నారు.

"అవునా? నాకు తెలియదు," అన్నాను.

కూర్చోమన్నాను. వరండా దాటి ఎనిమిదో తరగతికి వెళ్ళి హాజరు తీసుకున్నాను.