హనుమంతు బోరు

ఐదు దేశాల మనుషుల్ని ఒక మాట మీదికి తేవడం అప్పట్లో నా ఉద్యోగం. మెట్ట ప్రాంతాల్లో భూమి లోపలి నీళ్ళు ఎట్లా తరిగిపోతున్నాయో అందరూ ఒకే తీరుగా కొలవాలి, ఆ లెక్కలు ఒకచోట పెట్టుకోవాలి, రేపటి తరానికి గుక్కెడు మిగిలే దారి కలిసి వెతకాలి. స్వీడన్, కెన్యా, బ్రెజిల్, మొరాకో, మన దేశం నుంచి మేము. చెప్పడానికి ఘనంగానే ఉంటుంది. నిజానికి నేను చేసేదల్లా మదనపల్లెలో ఒక చిన్న ఆఫీసులో కూర్చుని, కరెంటు ఉన్నంతసేపు ఈమెయిళ్ళు పంపి, ఒకరి మాట ఇంకొకరికి చేరేలోగా ఎవరికీ కోపం రాకుండా చూసుకోవడం. పెళ్ళి సంబంధాలు కుదిర్చేవాళ్ళకు కూడా ఇంత ఓపిక అక్కర్లేదు.

అది 2003. వరస కరువులు. తంబళ్లపల్లె చుట్టుపక్కల ఎండిపోయిన బోర్లు కొన్ని ఎంచుకుని, తీగ కట్టి లోపలికి చిన్న మీటర్లు దింపాం. అడుగున మిగిలిన కాసిన్ని నీళ్ళ మట్టం అవి గంటగంటకూ గుర్తు పెట్టుకుంటాయి. మా ఆఫీసులో పనిచేసే సాయిప్రసాద్ నెలకోసారి మోటారుసైకిలు మీద పోయి ఆ లెక్కలు లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని వస్తాడు. అన్ని బోర్ల గీతలూ కిందికే దిగుతున్నాయి. నాలుగో నంబరు బోరు గీత మాత్రం రోజూ పొద్దున లేస్తోంది. సాయంత్రానికి మెల్లగా పడిపోతోంది. మరుసటి పొద్దున మళ్ళీ లేస్తోంది.

ఆ కాగితం చూడగానే నాకు ఊపిరి తీసుకుంటున్న ఛాతీ గుర్తుకొచ్చింది. ఎమ్మెస్సీ చదివిన దాన్ని, ఆ మాట బయటికి అనలేక కాగితం బోర్లా పెట్టేశాను.

ఈ పరిశోధనకంతా పెద్ద, స్వీడన్‌లో ఉండే ఇంగ్రిడ్. ఆమెకు ఆ గీత చూసి కాళ్ళు నేల మీద నిలవలేదు. రాతి పొరల్లో ఎక్కడినుంచో ఊట వస్తోందని నమ్మింది. ఊరంతా ట్యాంకరు నీళ్ళ కోసం కొట్టుకుంటున్న కాలం, ఎండిన బోరులో ఎవరైనా నీళ్ళు పోస్తారని ఎవరికి తోస్తుంది? కుప్పంలో జరగబోయే సమావేశంలో ఈ ఊటను చూపించి రెండో విడత పరిశోధనకు డబ్బు అడుగుదామంది. ఈలోగా ఎవరూ ముట్టుకోకుండా ఆ బోరుకు ఇనుప మూత వేసి తాళం పెట్టమంది.

మూత, తాళం తెప్పించి సాయిప్రసాద్ ముందు పెట్టాను. వాడు వెనక్కి జరిగాడు.

"నేను పోనక్కా. ఆ సేనికాడికి ఊళ్ళోవాళ్ళే పోరు. ఆడ హనుమంతు ఉండాడంట."

"హనుమంతు ఎవరు?"

"ఆ బోరు ఆసామి. పాము కరిసి సచ్చిపోయినాడు. త్రీఫేజు కరెంటు వచ్చే టయానికి ఇప్పటికీ మోటారు తిరిగే సప్పుడు వస్తాదంట. ఆడ మోటారు యాడుందక్కా? ఎప్పుడో పీకేసినారు. నేను మిట్టమధ్యాన్నం పోయి, వెనక్కి సూడకుండా వచ్చేస్తాండా."

"సిగ్గులేదా నీకు, చదువుకున్నవాడివి" అని కసిరి, సంచి భుజాన వేసుకుని మొదటి బస్సు ఎక్కాను.

చేను బీడు పడి ఉంది. వేరుశనగ పండిన నేలలో ముళ్ళకంప లేచింది. ఊళ్ళో ట్యాంకరు హారను వినిపించి, ఆడవాళ్ళ కేకలు ఆగాక, గట్టు మీద ఒకామె వచ్చింది. చంకలో నిండు బిందె. అరవై ఏళ్ళు దాటి ఉంటాయి. నన్ను చూసి కూడా ఆగలేదు. బోరు మీది బండ జరిపింది. మా మీటరు తీగను పసిబిడ్డ చెయ్యి పట్టుకున్నంత పదిలంగా ఒక పక్కకు తప్పించింది. బిందె వంచి చిన్న ధారగా పోసింది. చివరి చుక్క రాలాక మోకాళ్ళ మీద కూర్చుని గొట్టానికి చెవి ఆనించింది.

లోపలినుంచి చప్పుడు వచ్చింది. చాలా లోతునుంచి, గుటక వేసినట్టు ఒకటి. ఆగి, ఇంకొకటి. గొట్టంలోని గాలి పైకి తన్నుకొస్తే అట్లాగే వినిపిస్తుందని నాకు తెలుసు. తెలిసి కూడా రెండడుగులు వెనక్కి వేశాను.

"ఎవరమ్మా నువ్వు? మిషను పెట్టినామెవా?" అంది లేస్తూ.

అవునన్నాను. దారంతా కూడగట్టుకున్న కోపం ఒక్కసారిగా బయటపడింది. "తాగడానికే లేని చోట ఈ ఎండిన బోరులో ఎందుకు పోస్తున్నావమ్మా?"

"నా కొడుక్కు దప్పి."

ఆమె పేరు వెంకటరత్నమ్మ. హనుమంతు తల్లి. బండ మీద కూర్చుని, నేను అడగకుండానే చెప్పింది.

"రేత్రి కరెంటు వచ్చిందని స్టార్టరు వేసేకి వచ్చినాడు. ఈడే కరిసింది. జీపులో మదనపల్లెకు తీసకపోతాంటే దోవ పొడుగునా నీళ్ళు, నీళ్ళు అన్నాడు. పాము కరిసినోనికి నీళ్ళియ్యగూడదు, విషం పైకెక్కతాదని జీపులో అందరూ అన్న్యారు. సెంబు నా ఒళ్ళోనే ఉన్నింది తల్లీ. వాడు దాని మీద సెయ్యేస్తే నేనే తోసేసినా. టౌను లైట్లు అగపడేతలికి తల వాల్చేసినాడు."

ఆమె నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"మీ మిషను లోపలే ఉండాది గదా. వాడు తాగతాండాడా లేదా, దానికి తెలస్తాదా?"

అబద్ధం చెప్పడం ఇష్టం లేదు. నిజం చెప్పే ధైర్యమూ లేదు. "పొద్దున నువ్వు పోసింది సాయంత్రానికి ఉండటం లేదమ్మా" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చాలా రోజులకు తెరిపి దొరికిన మనిషి ఏడుపు అది. తాళం నా సంచిలోనే ఉండిపోయింది.

తరవాత మదనపల్లెలో ఒక డాక్టరును అడిగాను. నోరు తడిపినంత మాత్రాన విషం ఎక్కదన్నాడు. ఎందుకు అడిగానా అనిపించింది. ఆ మాట ఆమెకు ఎప్పటికీ చెప్పలేదు. పుంగనూరులో మా ఇంట్లో అమ్మ అన్నం దగ్గర గ్లాసులో నీళ్ళు వంచినా సరే, నాకు ఆ గుటకే వినిపించేది. సగం అన్నం వదిలేసి లేచేదాన్ని. అమ్మ దిష్టి తీసింది. వద్దనలేదు.

కుప్పం సమావేశానికి ఒక కాలేజీ హాలు కుదిర్చాం. ఐదు దేశాల వాళ్ళు, బల్ల మీద వరసగా నీళ్ళ సీసాలు. తెర మీద నాలుగో నంబరు బోరు గీత పెద్దదై లేస్తూ పడుతూ కనిపించింది. ఇంగ్రిడ్ లేచి ఊట గురించి మాట్లాడబోయింది. నేను నోరు మూసుకుంటే రెండో విడత వస్తుంది, మా ఆఫీసు నిలుస్తుంది, కానీ బోరుకు తాళం పడుతుంది. నోరు విప్పినా ఆ లెక్కలు చెడిపోకుండా తాళమే వేస్తారు. ఏ దారిన పోయినా హనుమంతు దప్పితోనే ఉండాలి. అబద్ధం మాత్రం ఎందుకని లేచాను.

"అది ఊట కాదు. ఒక తల్లి రోజూ పోసే బిందెడు నీళ్ళు" అని మొత్తం చెప్పాను.

ఇంగ్రిడ్ ముఖం పాలిపోయింది. "తాళం ఎందుకు వెయ్యలేదు?" అంది.

"నా వల్ల కాలేదు. మీరు వచ్చి, ఆమె కళ్ళముందు వెయ్యండి" అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

హాల్లో ఎవరూ సీసా ముట్టలేదు. కెన్యా నుంచి వచ్చిన వంజీరు మాత్రం తెర దగ్గరికి నడిచి, గీత లేచే చోటు వదిలి, పడే చోటును వేలితో తడుముతూ నిలబడింది. తరవాత ఇటు తిరిగింది.

"అదే బిందె, రోజూ అదే వేళ. పోసిన నీళ్ళు ఇంకడానికి పట్టే సమయం నెలనెలా మారుతోంది చూడండి. రాతి సందులు ఎంత దాహంతో ఉన్నాయో ఇంత తేటగా చెప్పే కొలత మన ఎవరి దగ్గరా లేదు. దీన్ని ఆపడం కాదు. మనమూ ఇట్లాగే నీళ్ళు పోద్దాం."

మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. చివరికి ఇంగ్రిడే తన చేత్తో నియమం రాసింది. ప్రతి దేశంలో ఒక ఎండిన బోరు, రోజూ పొద్దున ఒకే కొలత బిందె. ఆ నియమంలో హనుమంతు పేరు లేదు. అది నాకు గుచ్చుకుంది. అయినా తాళం తప్పింది కదా అని సర్దుకున్నాను.

ఆ కబురు చెప్పడానికి ఉత్సాహంగా పోయాను. "నీ బోరు ఎవరూ మూయరమ్మా. ఇంక నాలుగు దేశాల్లో కూడా నీలాగే రోజూ బోరులో బిందెడు నీళ్ళు పోస్తారు" అన్నాను.

వెంకటరత్నమ్మ సంతోషించలేదు. బిందె కింద పెట్టి నా వైపు భయంగా చూసింది.

"వాళ్ళ బిడ్డలకు గూడా నీళ్ళియ్యలేదా తల్లీ?"

పరిశోధన, కొలత, రాతి పొరలు అంటూ ఏదో చెప్పబోయాను. ఆమె వినడం లేదు. "వాళ్ళ పేర్లేంది? పేరు పెట్టి పిలిస్తే గదా వచ్చి తాగేది. కనుక్కోని సెప్పు" అంది. నా దగ్గర బోరు నంబర్లే ఉన్నాయి.

ఆఫీసుకు వచ్చి నలుగురికీ రాశాను. మీ బోర్ల దగ్గర నీళ్ళు దొరక్క చనిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే పేరు పంపండి, ఇక్కడ ఒక తల్లి అడుగుతోంది అని. ఇన్నేళ్ళలో నేను పంపిన ఈమెయిళ్ళలో ఇంత పిచ్చిది లేదు. నవ్వుకుంటారనుకున్నాను. వంజీరు నుంచి మాత్రం జవాబు వచ్చింది. పైన ఒక్క వాక్యం, "ఒక్క పేరే పంపాలా?" అని. కింద పేర్లు.

ఆ పేర్లన్నీ కాగితం మీదికి ఎక్కించుకుని చేనికి పోయాను. నేను చదువుతున్నాను. వెంకటరత్నమ్మ ముందు హనుమంతును పిలిచి పోసింది. తరవాత నోరు తిరగని ఒక్కో పేరూ తన యాసలో పలికి, "రా నాయనా, తాగు" అంటూ కాస్త కాస్త వంచింది. లోపలినుంచి గుటక వెంట గుటక వినిపిస్తూనే ఉంది. ఈసారి గాలి సంగతి నాకు గుర్తు రాలేదు. కాగితం సగం కూడా చదవకముందే బిందె ఖాళీ అయింది. ఆమె బిందెను తలకిందులు చేసి, అరచేత్తో అడుగు తట్టి చూసింది. తరవాత నా చేతిలోని కాగితం వైపు చూసింది.

"మిగిల్నోళ్ళను రేపటిదాకా ఓర్సుకోమని సెప్పు తల్లీ" అంది.