కౌన్సిల్ ఆవరణలో రాళ్ళు

ఆగస్టు రెండో సోమవారం ఉదయం రుకొంబె జిల్లా కౌన్సిల్ లారీ కొండ కింది మైదానానికి వచ్చి, అక్కడున్న రాళ్ళన్నీ ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

రాళ్ళు తప్ప తీసుకుపోవడానికి అక్కడ ఇంకేమీ లేదు. ఆ మైదానం తెల్లబట్టలవాళ్ళ చర్చి. గోడల్లేవు, తలుపు లేదు, కప్పు లేదు. దేవుడికీ మనిషికీ మధ్య కప్పు ఉండకూడదని వాళ్ళ నమ్మకం. శుక్రవారం వస్తే తెల్ల అంగీలు తొడుక్కుని, చెప్పులు బయట వదిలి, వలయంగా పెట్టిన రాళ్ళ లోపల నేలమీద కూర్చుంటారు. ప్రతి చర్చికీ కప్పు, గోడలు, మరుగుదొడ్డి, అనుమతి కాగితం ఉండాలని కౌన్సిల్ ఆ ఏడాది నిబంధన పెట్టింది. లేని చర్చికి తాళం పడుతుంది.

తాళం వెయ్యడానికి వచ్చినవాళ్ళు తాళంకప్ప తెచ్చుకునే వచ్చారు. దాన్ని ఎక్కడ వెయ్యాలో వాళ్ళకి తెలియలేదు. కౌన్సిల్ అధికారి గ్వతిద్జో వలయం చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "ఈ రాళ్ళు ఎత్తండి. వీళ్ళ చర్చంటే ఇవే కదా" అన్నాడు.

ముచనేత అప్పుడు ఎండిన వాగులో ఇసుక తోడి నీళ్ళు ముంచుకుంటోంది. లారీ చప్పుడు విని బకెట్టు అక్కడే వదిలి గట్టెక్కింది. ఆమె వచ్చేసరికి లారీ వెనక తలుపు బిగిస్తున్నారు. స్టీరింగ్ దగ్గర ఉన్నది తపుమా, ఆమె అక్క కొడుకు.

"ఒరేయ్ తపుమా, దింపు."

"పిన్నీ, నేను డ్రైవర్ని. ఆయన ఎక్కించమంటే ఎక్కిస్తా, దింపమంటే దింపుతా."

"నీ రాయి కూడా ఎక్కించావా?"

తపుమా ఇంజను అందుకున్నాడు. చిన్నప్పుడు అతనూ ఆ వలయంలో కూర్చున్నవాడే. కౌన్సిల్‌లో ఉద్యోగం వచ్చాక రావడం మానేశాడు. అతని రాయి మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఆ చర్చిలో చేరే మనిషి ఒక రాయి తేవాలి. పుట్టిన చోటునుంచి తన చేతుల్తో మోసుకురావాలి. ఇంకొకరు మోస్తే చెల్లదు. రాయి మీద పేరు రాయరు, గుర్తు పెట్టరు. ఎవరి రాయి వాళ్ళకి తెలుసు. ఆ రాయి పక్కనే వాళ్ళ చోటు. మనిషి పోయినా రాయి ఉంటుంది, దాన్ని ఎత్తాల్సొస్తే ఆ మనిషి సొంతవాళ్ళే ఎత్తాలి. సమాధి మీద వాళ్ళు ఏమీ నిలబెట్టరు.

ముచనేతవి రెండు రాళ్ళు. ఒకటి ఆమె పుట్టింటినుంచి తెచ్చిన పలక రాయి. దాని పక్కన పిడికెడంత ఎర్ర రాయి. వాగులో ఏరి, రెండు చేతులా పొట్టకి ఆనించుకుని, దారిలో ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా ఆమె కూతురు రుదైరో తెచ్చింది. అప్పుడు పిల్లకి ఐదేళ్ళు. మరుసటేడు తట్టుతో పోయింది. ఆ ఏడు ఆ చర్చి పిల్లలు చాలామంది పోయారు. టీకా సూది వేయించకూడదన్నది చర్చి మాట. ఇలాంటి చర్చిల్ని అదుపులో పెట్టాలని కౌన్సిల్ నిబంధన తెచ్చింది ఆ చావుల తర్వాతే.

రాళ్ళు పోయిన సాయంత్రమే చర్చి పెద్ద ఎలియాని మాట్లాడాలని పోలీసులు పిలిపించారు. ఆయన తిరిగి రాలేదు. గురువారం పొద్దుగుంకే వేళ అందరూ ముచనేత వాకిట్లో చేరారు. ఆడవాళ్ళలో ఆమే పెద్ద.

"కొత్త రాళ్ళు తెచ్చుకుందాం మద్జిమై," అన్నాడు జెకరియా అనే ముసలాయన. ఆ చర్చిలో ఆడవాళ్ళని అందరూ పిలిచే పిలుపు అది. మగవాళ్ళయితే మద్జిబాబా. "కొండంతా రాళ్ళే. రాళ్ళకి కరువా?"

"తెచ్చుకోండి," అంది ముచనేత. "రుదైరోని లేపి వాగు దాకా ఎవరు నడిపిస్తారు మద్జిబాబా? మీరా?"

జెకరియా చేతికర్రతో నేల గీశాడు.

"మన చర్చి ఎక్కడుంది?" అని ఆమే అడిగింది.

"ఎక్కడుందేమిటి? లేకుండా చేశారుగా."

"రాళ్ళెక్కడుంటే అక్కడ కాదూ? ఎక్కడున్నాయి?"

"కౌన్సిల్ ఆఫీసు ముందు పోశారట."

"అయితే రేపు అక్కడికే."

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. జెకరియా మాత్రం, "ఎలియా లేకుండానా?" అన్నాడు.

"ఆయన ఉన్నదీ ఆ ఊళ్ళోనే కదా. దగ్గరవుతాం."

శుక్రవారం తెల్లవారకముందే బయలుదేరారు. పిల్లల్ని వీపులకి కట్టుకున్న తల్లులు, చేతికర్రలతో ముసలివాళ్ళు, అంతా తెల్లబట్టల్లో. కౌన్సిల్ గేటు తెరిచే వేళకి గేటు ముందున్నారు. కాపలావాడు అడ్డం రాలేదు. గేటుకీ ఆఫీసు తలుపుకీ మధ్య రాళ్ళు కుప్పగా పడున్నాయి. చెప్పులు గేటు బయట విడిచి, ఒక్కొక్కరూ వెళ్ళి తమ రాయి వెతుక్కున్నారు. చనిపోయినవాళ్ళ రాళ్ళు వాళ్ళ మనుషులు తీసుకున్నారు. ఎవరూ తగువు పడలేదు. ఆవరణ అంతా పట్టేలా వలయం పెట్టి కూర్చున్నారు. ఆఫీసు మెట్లు వలయం లోపలికొచ్చాయి.

ముచనేత పలక రాయి దొరికింది. ఎర్ర రాయి దొరకలేదు.

కుప్ప ఉన్న చోట మట్టి గోకి చూసింది. లారీ నిలిపే చోటికి వెళ్ళి చూసింది. అక్కడ తపుమా టైర్లకి నీళ్ళు కొడుతున్నాడు.

"ఎర్రది ఏదిరా?"

"అన్నీ ఇక్కడే దింపాను పిన్నీ. ఒట్టు."

తిరిగొచ్చి తన రాయి పక్కన కూర్చుంది. ఇంకో పక్క జానెడు ఖాళీ వదిలింది. పాట ఎత్తుకుంది.

పనులున్నవాళ్ళు రావడం మొదలయింది. పశువుల అమ్మకానికి కాగితం కావలసిన ఒక రైతు గేటు దగ్గర ఆగి, వలయం చూసి, బూట్లు విప్పాడు. అతని వెనకవాళ్ళూ విప్పారు. టైపు చేసే అమ్మాయి ఎత్తుమడమల జోళ్ళు గోడపక్కన పెట్టి వట్టికాళ్ళతో లోపలికి నడిచింది. తొమ్మిదయ్యేసరికి గేటు బయట చెప్పులు వరసకట్టాయి.

గ్వతిద్జో ఆ రోజు అందరికంటే ముందొచ్చి లోపలే ఉన్నాడు. కిటికీ తెరిచాడు.

"ఇదేం పనమ్మా? ఇది ప్రభుత్వ స్థలం!"

"మా రాళ్ళు తెచ్చి పెట్టింది మీరే కదా నాయనా," అంది ముచనేత. "మేం అడగలేదు."

"పోలీసుల్ని పిలుస్తాను."

పిలిచాడు. సార్జెంటు ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చి గేటు దగ్గరే నిలబడ్డాడు.

"లోపలికి రావేమయ్యా!" అని అరిచాడు గ్వతిద్జో.

"మా అమ్మ లోపలుంది సార్!"

"అయితే?"

"బూట్లతో వస్తే కొడుతుంది సార్!"

వలయంలో ఒక ముసలమ్మ చేతికర్ర పైకెత్తి చూపించింది. రైతులు నవ్వారు. పాట ఆగలేదు.

"ఎండెక్కితే వీళ్ళే అలిసిపోయి పోతారు," అన్నాడు గ్వతిద్జో, వెనకున్న గుమాస్తాతో.

"ఆవిడ పేరు ముచనేత సార్," అన్నాడు గుమాస్తా.

అలిసిపోయేది మీరే అని వాళ్ళ భాషలో ఆ పేరుకి అర్థం. గ్వతిద్జోకి అది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కిటికీ మూయబోయాడు. గాలికి బల్ల మీది కాగితాలు లేచాయి. వాటి మీద ఉన్నదాన్ని సరిచేసి పెట్టాడు. అది ఎర్ర రాయి.

ముచనేత పాట ఆపి లేచింది. కిటికీ దగ్గరికి నడిచింది.

"అది నాది."

"ఇదా? బావుందని బల్ల మీద పెట్టుకున్నా. రాయేగా!"

"మా అమ్మాయిది."

"అమ్మాయిని రమ్మను, ఇస్తా."

"అదే మా అమ్మాయి."

గుమాస్తా అధికారి చెవిలో ఏదో చెప్పాడు. గ్వతిద్జో కిటికీలోంచి ముందుకి వంగాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఎలా పోయింది?"

"తట్టు."

"సూది వేయించి ఉంటే బతికేది. తెలుసా నీకు? ఇక్కడ ఎన్ని చిన్న రాళ్ళున్నాయో చూడు. ఈ నిబంధన నేను సరదాకి పెట్టానా? నర్సుని పంపితే మీ చర్చి దగ్గరికి కూడా రానివ్వలేదు మీరు."

వలయం అంతా వింటోంది. పాట ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

"నాకు తెలుసు," అంది ముచనేత. "మీకంటే ముందు నాకే తెలిసింది. తప్పు మాదైతే మమ్మల్ని పట్టుకెళ్ళండి. ఎలియాని తీసుకెళ్ళారు, నన్నూ తీసుకెళ్ళండి. ఆ రాయేం చేసింది?"

అతను రాయి వైపు చూశాడు.

"ఇంకో మాట," అందామె. "మా కట్టుబాటు ప్రకారం వలయం లోపలికి ఇనుము రాదు. సూదీ రాదు. వలయం బయట నేల మాది కాదు. మీ నర్సుని అక్కడ బల్ల వేసుకుని కూర్చోమనండి. లేచి వెళ్ళే తల్లికి నేను అడ్డం పడను. పడేవాళ్ళకి నేను అడ్డం పడతాను."

"మద్జిమై!" అన్నాడు జెకరియా వెనకనుంచి. "ఎలియాని అడక్కుండా ఎలా అంటావు?"

"అన్నాను."

పిల్లని ఒళ్ళో పెట్టుకున్న ఒక తల్లి, "ఆవిడ అన్నది అందరం విన్నాం" అంది. ఇంకో తల్లి ఔనంది. జెకరియా కర్ర నేలకి ఆనించి కూర్చున్నాడు.

గ్వతిద్జో కిటికీలోంచి రాయి అందించబోయాడు. ముచనేత చెయ్యి చాపలేదు.

"ఎక్కణ్ణుంచి తీశారో అక్కడ పెట్టండి. నేను తీసుకుంటాను."

తలుపు తెరుచుకోవడానికి కొంతసేపు పట్టింది. గ్వతిద్జో బూట్లు లేకుండా వచ్చాడు. మేజోళ్ళు విప్పలేదు. మెట్లు దిగి, రెండు చేతులా రాయి పట్టుకుని ఆవరణ దాటి, ముచనేత చోటు పక్కనున్న ఖాళీలో పెట్టాడు. ముసలమ్మలు మేజోళ్ళ వైపు చూశారు గానీ ఏమీ అనలేదు. ముచనేత ఆ రాయి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

మధ్యాహ్నం పోలీసులు ఎలియాని వదిలారు. గ్వతిద్జో లారీ ఇస్తానన్నాడు.

"వద్దు," అంది ముచనేత. "లారీ మోసిన రాయి చెల్లదు. మళ్ళీ మేమే మొయ్యాలి."

కొందరు రాళ్ళు తల మీద పెట్టుకున్నారు, కొందరు భుజాన. ముసలివాళ్ళ వెంట పిల్లలు నడిచారు గానీ రాయి అందుకోలేదు. అలిసిన ముసలాయన రాయి దించి, దాని పక్కన కూర్చుని, మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆయన కోసం వరసంతా ఆగింది. రుకొంబె అంగడి వీధిలో దుకాణాలవాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. ముచనేత ముందు నడిచింది. పలక రాయి తల మీద ఒక చేత్తో పట్టుకుని, ఎర్ర రాయి పొట్టకి ఆనించుకుని రెండో చేతిలో.

ఆవరణలో ఒక రాయి మిగిలింది. తపుమాది. దాన్ని ఎవరూ ఎత్తలేదు, ముచనేత కూడా. లారీకి నీళ్ళు కొడుతూ అతను చూస్తుండగా ఆమె దాని పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది.

మరుసటి శుక్రవారం వలయంలో తపుమా రాయి చోటు ఖాళీగా ఉంది. నర్సు వచ్చి వలయం బయట మోపనె చెట్టు కింద బల్ల వేసింది. మొదట ఎవరూ లేవలేదు. తర్వాత ఒళ్ళో పిల్లతో ఒక తల్లి లేచింది. ఎలియా కళ్ళు మూసుకుని ప్రార్థన సాగించాడు. సాయంత్రానికి నర్సు తెచ్చిన మందు అయిపోయింది.

నిబంధన రద్దు కాలేదు. తాళంకప్ప కౌన్సిల్ సామాన్ల గదిలో ఉంది. ఆ తర్వాతి బుధవారం గుమాస్తా ఆవరణలో చూస్తే మిగిలిన రాయి లేదు. లారీ ఉంది, దాని తాళంచెవి కొక్కేనికి ఉంది. కొండ దారిలో చెప్పుల్లేని అడుగులున్నాయి. శుక్రవారం వలయంలో ఖాళీ లేదు.